భీమిలిలో ఒక నెల అడగడానికి

పెందుర్తి నుంచి భీమిలికి తిన్నగా వెళ్తే ఒక పూట ప్రయాణం కూడా కాదు. నేను యారాడ మీదుగా వెళ్ళాను. ఊరు తెలిసినవాళ్ళు ఇది విని నవ్వుతారు. ఒకటి దక్షిణాన కొండ వెనకాల ఉంటే ఇంకొకటి ఉత్తరాన ఉంది, మధ్యలో విశాఖపట్నం మొత్తం దాటాలి. అయినా నాకు అదే దారి. నా ఉద్ది యారాడలో ఉంది.

కోలాటం ఆడనివాళ్ళకు ఇక్కడ కొంచెం చెప్పాలి. కోలాటంలో ఇద్దరిద్దరు ఎదురెదురుగా జతగా నిలబడతారు. ఆ ఎదుటి మనిషినే ఉద్ది అంటాం. ఒకరిది లోవరస, ఒకరిది బయటి వరస. మా గుంపు పద్ధతిలో కర్ర ముందు కొట్టేది లోవరసవాళ్ళే. బయటివాళ్ళు ఆ దెబ్బ అందుకుని తిరగాలి. ఒకసారి చోటు కుదిరాక ఎవరూ మార్చుకోరు. నా ఉద్ది నూకాలు లోవరస, నేను బయటి వరస. వాళ్ళు మా కాలనీలో అద్దెకు ఉన్నన్నాళ్ళూ పందిళ్ళలో, ఊరేగింపుల్లో, ఒకసారి మంత్రిగారు వస్తే ఎండలో రోడ్డు మీద, అలాగే ఆడాం. తరవాత వాళ్ళాయనకు సొంతూళ్ళో పడవ కుదిరి యారాడ వెళ్ళిపోయారు. ఇప్పుడు గుంపులో నా ఎదుట ఎవరో ఒకరు నిలబడతారు. అది సర్దుకోవడమే.

భీమిలిలో ఒక పాత బంగళా ఉంది. నాట్యం చేసేవాళ్ళకు అక్కడ నెల రోజులు గది, భోజనం, ఆడుకోవడానికి హాలు ఇస్తారు. నెల చివర ఏం తయారుచేశామో చూపించాలి. మా అమ్మాయి ఫోనులో ఆ ప్రకటన చూసి సరదాకి చదివి వినిపించింది. నాకు సరదాగా అనిపించలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళకుండా, ఎవరు ఎప్పుడు వస్తారో చూడకుండా, నెల పాటు ఆట గురించే ఆలోచిస్తే ఎలా ఉంటుందో తెలుసుకోవాలనిపించింది. కాలనీలో సాయంత్రాలు పెట్టిన చదువులో నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి దరఖాస్తు నేనే తెల్లకాగితం మీద రాశాను. అమ్మాయి ఫొటో తీసి పంపింది. వాళ్ళు పిలిచారు. పది నిమిషాలు ఆడి చూపించాలి, తరవాత మాట్లాడాలి. తోడు ఎవరినైనా తెచ్చుకోవచ్చు, కానీ ఎంపికైతే నెల ఉండేది దరఖాస్తు పెట్టిన మనిషి ఒక్కరే అన్నారు.

అందుకని ముందు యారాడ.

కొండకు అవతల

సింధియా దాటాక బస్సు కొండ ఎక్కుతుంది. ఒక పక్క ఓడరేవు క్రేన్లు, నల్లటి బొగ్గు గుట్టలు, వాటి మీద నీళ్ళు చిమ్మే గొట్టాలు. మలుపు తిరిగేసరికి అవన్నీ పోయి కొబ్బరి తోటలు, సముద్రం. మా పెందుర్తిలో లారీల దుమ్ము ఎర్రగా ఉంటుంది. ఇక్కడ కిటికీ పట్టుకుంటే చేతికి నల్లగా అంటింది.

పక్కన కూర్చున్న ఆవిడ గాజువాకలో చేపలమ్ముకుని ఖాళీ గిన్నెతో తిరిగి వస్తోంది. నా రెండో సంచిలోంచి పొడుచుకొచ్చిన కర్రలు చూసింది.

“అవేటి, పిల్లలకా?”

“కోలాటం కర్రలు. నూకాలింటికి ఎల్తన్నాను.”

“నూకాలా? కోడలికి నేడో రేపో అన్నట్టుంది. ఇప్పుడు ఆట కోసం వొచ్చీసావేటి?”

ఆ సంగతి నాకు తెలీదు. నూకాలు ఫోనులో చెప్పలేదు. దిగి వెనక్కి వెళ్ళిపోదామా అనుకున్నాను. బస్సు తిరిగి వెళ్ళడానికి ఎలాగూ టైముంది కదా అని నడిచాను.

నూకాలు వాకిట్లో నెత్తళ్ళనే చిన్న చేపలు ఆరబెడుతోంది. వాళ్ళాయన అప్పారావు గోడ నీడన వల బాగుచేస్తున్నాడు. కోడలు గడపలో కూర్చుని నడుము మీద చెయ్యి వేసుకుంది. నేను వచ్చిన పని చెప్పాను. నూకాలు చేతులు కడుక్కుని నా ఎదుట కూర్చుంది.

“నాను రాను ఒదినా. దీన్ని సూడు.”

“సూసాను. ముందే సెప్తే వచ్చేదాన్నే కాదు.”

“అందుకే సెప్పలేదు. నిన్ను సూసి ఎన్నాళ్ళయింది.”

అప్పారావు వల మీంచి తల ఎత్తకుండానే, “ఒక రాత్రికే కదేటి, ఎల్లిరా. డాక్టరమ్మ ఇంకో వారమంది. నాను వండుతాన్లే,” అన్నాడు.

“నీ వంట తింటే దానికి ఈ రాత్రికే నొప్పులొచ్చెస్తాయి,” అంది నూకాలు.

కోడలు నవ్వింది. నవ్వుతూనే, “ఎల్లండత్తా. మీరిక్కడ కూకుంటే గడియకోసారి ఏటయింది, ఏటయింది అంటన్నారు,” అంది. అది విన్నాక నూకాలు లేచి పెట్టెలోంచి పాత ఆకుపచ్చ చీర తీసింది. మా గుంపు చీర అది.

మధ్యాహ్నం నెత్తళ్ళ పులుసు. మా ఇంట్లో ముందు మగవాళ్ళు తింటారు, తరవాత మేం. ఇక్కడ ఎవరికి ఆకలేస్తే వాళ్ళు గిన్నె తెచ్చుకుని పొయ్యి దగ్గర కూర్చుంటున్నారు. ఆ రోజు శనివారం. మేం శనివారం నీచు ముట్టం. చెబుదామా వద్దా అనుకుంటుండగానే నూకాలు వడ్డించేసింది.

“శనోరం అని సూస్తన్నావా? సముద్రం పక్కన వారాలు లెక్కెడితే ఏటి తింటాం?”

తిన్నాను. చింతపండు తక్కువ, పచ్చిమిర్చి ఎక్కువ. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

కర్రలు బస్సులో పోయాయి

మర్నాడు విశాఖ బస్సు కాంప్లెక్సులో బస్సు మారాం. మారేటప్పుడు నూకాలు కోడలితో ఫోనులో ఉంది. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెబుతోంది. నేను ఆమె సంచి, నా సంచి, మధ్యలో కొన్న జామకాయలు పట్టుకుని దిగాను. కర్రల సంచి సీటు కిందే ఉండిపోయింది. ఆ సంగతి రుషికొండ దగ్గర తెలిసింది. నూకాలు జామకాయ తింటూ, “కర్రలియ్యి, ఒకసారి సేతులాడిద్దాం,” అంది. నేను సంచులన్నీ తడిమి చూశాను, జామకాయలే తగిలాయి.

“జాంకాయలు మాత్రం జాగ్రత్తగా తెచ్చావు,” అంది.

భీమిలిలో దిగి బజారంతా తిరిగాం. ఆదివారం కాబట్టి సగం దుకాణాలు మూసేసి ఉన్నాయి. వడ్రంగి దగ్గర కర్ర ఉంది, మనిషి లేడు. చివరికి ఒక స్టీలు సామాన్ల కొట్టులో అప్పడాల కర్రలు కనిపించాయి. పొట్టివి, మధ్యలో లావు. నూకాలు రెండు తీసి ఒకదాంతో ఒకటి కొట్టి చూసింది. కొట్టాయన కంగారుగా లేచాడు.

“నాలుగు కావాలి,” అన్నాను.

“నాలుగెందుకమ్మా, ఎంతమంది కోడళ్ళు?”

“ఒక్కతే. గట్టిది,” అంది నూకాలు.

ఒకటి అరవై చెప్పాడు. పెందుర్తి సంతలో నలభైకి వస్తాయి. బేరమాడితే నాలుగూ కలిపి రెండు వందలకు ఇచ్చాడు. ఏం చేస్తామో చెప్పాక ఇంకో పది తగ్గించి, అక్కడే ఒకసారి ఆడి చూపించమన్నాడు. నూకాలు ఒప్పుకోలేదు.

బంగళా

ఎత్తు తలుపులు, ఎర్ర గచ్చు, వరండా లోంచి సముద్రం. శ్రీలత గారు అనే ఆవిడ అక్కడి పనులు చూస్తారు. మా ఇద్దరికీ ఒక గది చూపించి, “ఇల్లు అనుకోండి,” అన్నారు. ఇల్లు అనుకోవడం వల్లే భోజనం దగ్గర పొరపాటు జరిగింది. ఒక పెద్ద బల్ల మీద అన్నీ పెట్టారు. ఎవరికి వాళ్ళు వడ్డించుకుంటున్నారు. నేను కొంచెం అన్నం, కొంచెం పప్పు వేసుకుని తిని కూర్చున్నాను, ఎవరైనా ఇంకొంచెం వేసుకోమంటారేమో అని. మా వైపు మూడుసార్లు బతిమాలందే చుట్టం సిగ్గు వదలడు. ఇక్కడ ఎవరూ ఒక్కసారీ అనలేదు. గిన్నెలు తీసేశారు. నూకాలూ అలాగే కూర్చుంది. గదిలోకి వెళ్ళాక మిగిలిన జామకాయలు తిన్నాం. కూరల్లో కారం కూడా లేదు.

మాతోపాటు ఇంకో ఇద్దరిని పిలిచారు. కార్తీక్ అనే అబ్బాయి కూచిపూడి చేస్తాడు. వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి స్టీలుప్లాంటు ఉద్యోగానికి వచ్చారట. అబ్బాయి పుట్టింది, పెరిగింది ఉక్కునగరంలోనే. రెండో ఆయన రమణ, కొత్తవలస దగ్గర పల్లె. రొమ్ము మీద తప్పెట కట్టుకుని వాయిస్తూ గెంతే తప్పెటగుళ్ళు ఆయన ఆట. వాళ్ళ గుంపులో పదిమంది పైన ఉన్నారు. ఆయనొక్కడే వచ్చాడు.

కార్తీక్‌కి ఈ దరఖాస్తుల పని బాగా తెలుసు. ఎక్కడెక్కడ ఏ నెలలో పిలుస్తారో ఫోనులో గుర్తుపెట్టుకుంటాడు. వరండాలో కూర్చుని మాకు చెప్పాడు.

“వీడియోలో మొదటి నిమిషంలోనే అసలైనది చూపించాలి ఆంటీ. తరవాత వాళ్ళు చూడరు. ఫొటో స్టేజీ మీది కాకుండా సాధన చేస్తున్నది పెట్టాలి. రాసేదాంట్లో అవార్డులు తక్కువ, ఏం చేయాలనుకుంటున్నామో ఎక్కువ.”

“నీకెన్ని వచ్చాయి బాబూ?” అంది నూకాలు.

“వచ్చినవి చెప్పడం తేలికండి. రెండు. రానివాటికి రాలేదని కూడా ఎవరూ చెప్పరు. తారీఖు దాటిపోతే మనమే అర్థం చేసుకోవాలి.”

“పెళ్ళి సంబంధాల్లాగే,” అన్నాడు రమణ.

సాయంత్రం మేమిద్దరం అప్పడాల కర్రలతో ఆడి చూసుకున్నాం. టక్కుమనాల్సింది మొద్దుగా మోగింది. ఇన్నాళ్ళ తరవాత కూడా నూకాలు దెబ్బ నేను ఎదురుచూసిన చోటే పడింది. రేపు ఇదే ఆడితే చాలనుకున్నాను. నెల దొరుకుతుందని నాకు ఆ సాయంత్రం నమ్మకం కలిగింది.

నూకాలు వెళ్ళిపోయింది

పొద్దున్న ఇడ్లీ తింటుండగా అప్పారావు ఫోను. కోడలికి నొప్పులు మొదలయ్యాయి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. నూకాలు చెయ్యి కడుక్కోకుండానే లేచింది. సంచి నేను సర్దాను. గేటు దాకా నడిచాం.

“నాకు భయంగా ఉంది ఒదినా,” అన్నాను. ఆమె కోడలి గురించి అన్నాననుకుని, “ఏటీ కాదు,” అంది. తరవాత నా ముఖం చూసి అర్థం చేసుకుంది.

“లోపల నువ్వు నిలబడు. ఎవుర్నో ఒకర్ని బయట పెట్టుకో.”

“నాకు లోవరస రాదు.”

“ఇన్నేళ్ళు నా ఎదురుగా ఏటి సూసావు?”

ఆటో వచ్చింది. ఎక్కింది. అంతే.

నేను వెళ్ళి శ్రీలత గారికి నా వల్ల కాదని చెప్పేద్దామనుకున్నాను. వరండా మెట్ల మీద రమణ తప్పెటకు తాడు బిగిస్తున్నాడు. జరిగింది విన్నాడు. అక్కను వాళ్ళ వైపు అప్ప అంటారు.

“నాను నిలబడతానప్పా. కర్ర ఎప్పుడు ఎత్తాలో సెప్పు సాలు. గెంతడం నాకొచ్చు.”

హాలులో ఎంపిక చేసేవాళ్ళు ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు, గడ్డం ఉన్న ఒకాయన. ముందు కార్తీక్ చేశాడు. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి హాలంతా తిరిగాడు, పళ్ళెం నేలను గీరిన చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. తరవాత రమణ. ఒక్కడే అయినా నేల అదిరింది. నా వంతు వచ్చింది. రమణకు రెండు అప్పడాల కర్రలిచ్చి బయటి చోటులో నిలబెట్టాను. పాట నేనే ఎత్తుకున్నాను. పాట సాగుతోంది, రమణ కర్రలెత్తి నిలబడ్డాడు, నేనూ ఎత్తి నిలబడ్డాను. ఇద్దరం ఎదుటివాళ్ళ కోసం చూస్తున్నాం. ముందు కొట్టాల్సింది నేను. నా చేతులు దెబ్బ అందుకోవడానికి ఎత్తినవి, కొట్టడానికి కాదు.

చరణం సగమయ్యాక కొట్టాను. ఆయన అందుకున్నాడు. తిరిగేటప్పుడు నేను అలవాటుగా బయటికి తిరిగాను. ఆయనా బయటికే తిరిగాడు. భుజానికి భుజం తగిలి ఆయన చేతిలో కర్ర జారి గడ్డం ఆయన కుర్చీ కిందికి దొర్లింది. ఆయనే వంగి తీసిచ్చారు. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి కొంచెం దూరం వెళ్ళింది. మూడో మలుపులో నూకాలు ఎటు తిరుగుతుందో గుర్తురాలేదు. ఎప్పుడూ ఆమె చేతులు చూశాను గాని కాళ్ళు చూడలేదు. ఆపేశాను.

“ఎందుకు ఆపారు?” అని ఒకావిడ అడిగారు.

“నాకు వచ్చింది సగమేనండి. రెండో సగం మా ఉద్దికి వచ్చు. ఆవిడ పొద్దున్నే వెళ్ళిపోయింది.”

“మరి ఇక్కడ నెల రోజులిస్తే ఏం చేస్తారు?”

దరఖాస్తులో నేను ఏదో రాశాను, కోలాటాన్ని అందరికీ చూపించాలని. అది ఇప్పుడు చెప్పబుద్ధి కాలేదు.

“లోవరస నేర్చుకుంటాను. ప్రతి కోపుకీ మా గుంపులో సగం తెలిసినవాళ్ళు సగం మంది, మిగతా సగం తెలిసినవాళ్ళు మిగతావాళ్ళు. ఒకరు ఊరు మారితే ఆ సగం వాళ్ళతో వెళ్ళిపోతోంది. రెండూ ఒకే మనిషికి వస్తే ఎలా ఉంటుందో చూడాలని ఉంది.” కోపు అంటే ఏమిటని అడిగారు. ఒక్కో పాటకు అడుగులూ దెబ్బలూ ఎలా సాగుతాయో ఆ కూర్పు అని చెప్పాను.

“ఇది కొత్తగా తయారుచేసింది ఎలా అవుతుంది?” అన్నారు గడ్డం ఆయన. గట్టిగా అనలేదు, మామూలుగానే అడిగారు.

“అవుతుందో లేదో నాకు తెలీదండి. నాకు మాత్రం కొత్తే.”

ఇంకేం అడగలేదు. ఆ మధ్యాహ్నం నేనే లేచి రెండుసార్లు అన్నం వేసుకున్నాను. సాయంత్రం నూకాలు ఫోను చేసింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారు. ఆట సంగతి అడిగితే, వచ్చి చెబుతానన్నాను.

ఇద్దరికి వచ్చింది

మర్నాడు పొద్దున్న శ్రీలత గారు వరండాలోకి వచ్చి చెప్పారు. కార్తీక్‌కి ఒక నెల, ఆ తరవాతి నెల నాకు. రమణకు రాలేదు. ఆయన పక్కనే ఉన్నాడు. నాకు ఎటు చూడాలో తెలియలేదు. ఆయన ఆట నా ఆట కంటే బాగుంది, అది అందరం చూశాం.

“మాది పదిమంది కలిస్తేగాని ఆట కాదప్పా. నన్నొక్కణ్ణి ఇక్కడ పెట్టి ఏటి సేత్తారు,” అని తప్పెటను గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. ముడి రెండుసార్లు వేసి విప్పి మళ్ళీ వేశాడు. కార్తీక్ ఆయన పక్కన కూర్చుని, గుంపులను కూడా పిలిచే చోట్లు ఉన్నాయని ఫోనులో చూపించాడు. రమణ వాళ్ళబ్బాయి నంబరిచ్చి, వాడికి పంపమన్నాడు. వెళ్తూ నాతో, “ఆ కర్రలు పారీకు. అప్పడాలు సేసి పంపు,” అన్నాడు.

నేను శ్రీలత గారిని పక్కకు పిలిచి, నూకాలు కూడా ఉండే వీలుందా అని అడిగాను. లేదన్నారు. గది ఒకటే, ఖర్చు ఒకరికే, అది తన చేతిలో లేదు. “నేనొక్కదాన్నే ఎలా నేర్చుకోను?” అన్నాను. “ఆలోచించుకోండి. సాయంత్రం ఫోను చేస్తాను. మీరు కాదంటే ఇంకొకరిని పిలవాలి,” అన్నారు.

బస్సులో దారంతా ఆలోచించాను. కాదందామనే అనుకున్నాను. తోడు లేనిదే నేర్చుకోలేనిదానికి నెల తీసుకుని ఏం లాభం. తెన్నేటి పార్కు దగ్గర ఒకామె ఎక్కి నా చేతిలో అప్పడాల కర్రలు చూసి ఏ కొట్లో కొన్నానని అడిగింది. చెప్పాను.

మళ్ళీ యారాడ

నూకాలు అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చి వాకిట్లో నీళ్ళు కాస్తోంది. కోడలికి వేడినీళ్ళు పంపాలట. పిల్లను ఫోనులో చూపించింది. ముక్కు అప్పారావుదే. నేను జరిగింది మొత్తం చెప్పాను. భుజాలు తగిలిన చోట ఆగకుండా నవ్వింది. నెల వచ్చిందని చెప్పాక నవ్వు ఆపింది.

“మరి ఎల్తన్నావు కదా?”

“నువ్వు నేకుండా ఎల్లి ఏటి సెయ్యను? పురిటిల్లు వదిలి నువ్వు రాలేవు.”

“రాలేను.” పొయ్యిలో కొబ్బరి మట్ట తోసింది. “వచ్చినా నాను రాకూడదు ఒదినా. నాను నీ ఎదుట నిలబడితే నువ్వు మళ్ళీ బయటికే ఎల్లిపోతావు. నాకు తెలుసు నీ సంగతి.”

ఆమె చెప్పింది నిజం.

అప్పుడే ఫోను మోగింది. శ్రీలత గారు. నేను చూస్తూ ఉండిపోయాను. నూకాలు నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

“అమ్మా, నాను నూకాల్ని, నిన్న పొద్దున్నే ఎల్లిపోయినదాన్ని. ఆదివారాలు ఈవిడ్ని సూడ్డానికొత్తే రానిత్తారా?” అటునుంచి ఏదో అన్నారు. “మంచిది. పులుసు నాను తెత్తాను. మీ కూరల్లో కారం ఉండదు, ఏటనుకోకండి.” ఇంకాసేపు విని, “అది ఆవిడ్నే సెప్పమంటున్నారా,” అని ఫోను నా చేతిలో పెట్టింది. నీళ్ళు మరుగుతున్నాయి. గిన్నె దించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

“పైడమ్మ గారూ, మీ మాట చెప్పండి,” అన్నారు శ్రీలత గారు.

తల ఎత్తి చూశాను. వాకిట్లో నా ఎదుట ఎవరూ లేరు.

“వస్తానండి,” అన్నాను.